నలభై పేర్లు, రెండు బేరాలు

మొన్న సంక్రాంతి వేడుకల్లో భోజనాల క్యూలో నిలబడి ఉండగా స్నేహితుడి కొడుకు నన్ను పక్కకు పిలిచి ఫోన్ చూపించాడు. "అంకుల్, నూట ఇరవై డొమైన్లు తీసుకున్నా. ఒక్కోటీ డాలరే పడింది. వీటిలో నాలుగు మంచి రేటుకి అమ్ముడుపోయినా నా స్టూడెంట్ లోన్ తీరిపోతుంది" అన్నాడు. డొమైన్లంటే వెబ్‌సైట్ అడ్రస్‌లుగా వాడే పేర్లు. వాడివన్నీ డాట్ ఎక్స్‌వైజెడ్‌వే. "వచ్చే ఏడాది రెన్యూవల్ ఎంతో చూశావా నాన్నా?" అని అడిగాను. చూడలేదు. అక్కడే చూశాం. ఒక్కోదానికి పదమూడు డాలర్లు. అంటే మొత్తం 1,560. బొబ్బట్ల గిన్నె దాకా వెళ్లేసరికి ఆ పిల్లాడి ముఖంలో నవ్వు లేదు.

వాణ్ని కోప్పడటానికి నాకు మనసు రాలేదు. పదేళ్ల క్రితం నేనూ అదే పని చేశాను. అందుకే ఈ వ్యాసం. డొమైన్లు కొని లాభానికి అమ్మడం సులువైన అదనపు ఆదాయమని మన వాట్సాప్ గ్రూపుల్లో, యూట్యూబ్ పాఠాల్లో గట్టిగా ప్రచారం జరుగుతోంది. "డిజిటల్ ప్లాట్లు" అంటున్నారు. ఆ మాట తప్పు. ఆ మాట నమ్మి మనవాళ్లు చాలామంది డబ్బు పోగొట్టుకుంటున్నారు.

2015 అక్టోబర్ 22న ఉద్దండరాయునిపాలెంలో అమరావతి రాజధానికి శంకుస్థాపన జరిగింది. ఆ వారమే గుంటూరు నుంచి మా బావ ఫోన్ చేశాడు. "బావా, తుళ్లూరులో ఎకరం కొనే స్తోమత మనకెలాగూ లేదు. పేర్లైనా కొనిపెట్టు, రేపు బిల్డర్లు వెతుక్కుంటూ వస్తారు" అన్నాడు. డాలస్‌లో వంటింటి బల్ల దగ్గర కూర్చుని రెండు రాత్రుల్లో నలభై పేర్లు కొన్నాను. అమరావతి అన్న మాట పక్కన ప్లాట్స్, విల్లాస్, హోటల్స్, స్కూల్స్, తట్టిందల్లా. అన్నీ డాట్ కామ్‌లే.

స్థలం కొని పదేళ్లు వదిలేసినా అది అక్కడే ఉంటుంది. కంచె వేసుకోవచ్చు, కౌలుకివ్వచ్చు, తాకట్టు పెట్టుకోవచ్చు. పక్క ప్లాటు ఎంతకి పోయిందో కనుక్కుంటే మన ప్లాటు ధర రమారమి తెలిసిపోతుంది. డొమైన్‌కి ఇవేవీ వర్తించవు. దాన్ని మనం నిజానికి కొనం, ఏడాదికింత అని కట్టి వాడుకుంటాం. కట్టడం ఆపితే పోతుంది. డాట్ కామ్‌లన్నిటి రిజిస్ట్రీ, అంటే అసలు జాబితా, నడిపే వెరిసైన్ కంపెనీ తీసుకునే టోకు ధర 2021 దాకా చాలా ఏళ్లు 7 డాలర్ల 85 సెంట్లు ఉండేది. 2024 సెప్టెంబర్‌కి 10 డాలర్ల 26 సెంట్లయింది. మనకి అమ్మే రిజిస్ట్రార్ లాభం దాని మీద అదనం. ఇక ధర సంగతి. పక్క పేరు లక్షకి పోయినా మన పేరుకి రూపాయి రాకపోవచ్చు. ఒక్క అక్షరం తేడాతో మొత్తం మారిపోతుంది.

నా లెక్క దాచుకోను. నలభై పేర్లు, ఒక్కోదానికి సుమారు 12 డాలర్లు, ఏడాదికి 480. 2015 నుంచి 2019 దాకా ఐదుసార్లు కట్టాను, 2,400 అయింది. అమ్మినవి రెండే. ఒకటి 300కి, ఇంకొకటి 900కి. మార్కెట్‌ప్లేస్, అంటే పేర్లు అమ్మిపెట్టే సైటు, కమిషన్ ఇరవై శాతం పోగా చేతికొచ్చింది 960. నష్టం సుమారు 1,440 డాలర్లు. రాత్రుళ్లు మెయిళ్లు రాస్తూ గడిపిన టైమ్ ఇందులో లేదు.

ఆ మెయిళ్ల గురించి చెప్పాలి, ఎందుకంటే అసలు కష్టం అక్కడే ఉంది. ఈ పని చేసేవాళ్లు కొనడం గురించే మాట్లాడతారు. కొనడానికి కార్డు ఉంటే చాలు. కొన్నదాన్ని ఎవరికి అమ్మాలన్నదే ప్రశ్న. విజయవాడ, గుంటూరు బిల్డర్ల ఆఫీసులకు నేను రెండు వందలకు పైగా మెయిళ్లు పంపాను. జవాబిచ్చినవాళ్లు తొమ్మిది మంది. అందులో ఐదుగురు, మీరే వెబ్‌సైట్ కూడా ఉచితంగా చేసిపెడతారా అని అడిగారు. ఒకాయన మాత్రం మర్యాదగా ఫోన్ చేసి, "సార్, మా కస్టమర్లు మా కంపెనీ పేరు చూసి వస్తారు, ఊరి పేరు చూసి కాదు. మీ పేరు తీసుకుని నేనేం చేసుకోను?" అన్నారు. నలభై పేర్లు కొనే ముందు నేను వేసుకోవాల్సిన ప్రశ్న అది. 2018 తర్వాత యూరప్ ప్రైవసీ చట్టం వల్ల డొమైన్ ఎవరి పేరు మీదుందో కూడా చాలావరకు కనబడకుండా పోయింది. అప్పటినుంచి కొనేవాడు అమ్మేవాణ్ని, అమ్మేవాడు కొనేవాణ్ని వెతికి పట్టుకోవడం ఇంకా కష్టమైంది.

ఏళ్లుగా ఈ రంగంలో ఉన్నవాళ్లు తమలో తాము చెప్పుకునే మాట ఒకటుంది: చేతిలో వంద పేర్లుంటే ఏడాదికి ఒకటో రెండో అమ్ముడైతే గొప్ప. వందకి రెన్యూవల్ 1,200 అనుకోండి. ఏడాదికి ఒక్కటే అమ్ముడై, దానికి 1,500 డాలర్లు పలికితే, కమిషన్ పోగా పెట్టుబడికి పెట్టుబడి సరిపోతుంది. లాభం సున్నా. ఈ లెక్క ఏ యూట్యూబ్ పాఠంలోనూ మొదటి పది నిమిషాల్లో చెప్పరు.

వాళ్లు చెప్పేవి పెద్ద కథలు. బిజినెస్ డాట్ కామ్ 1997లో లక్షన్నర డాలర్లకి కొని, 1999లో 75 లక్షల డాలర్లకి అమ్మారు. నిజమే. వాయిస్ డాట్ కామ్ 2019లో 3 కోట్ల డాలర్లకి పోయింది. అదీ నిజమే. చాట్ డాట్ కామ్‌ని హబ్‌స్పాట్ కంపెనీ స్థాపకుల్లో ఒకరైన ధర్మేష్ షా 2023లో కోటీ 55 లక్షల డాలర్లు పెట్టి కొన్నారు, తర్వాత అది చాట్‌జీపీటీ చేసిన ఓపెన్ఏఐకి వెళ్లింది. కానీ ఇవన్నీ నిఘంటువులో మాటలు, తొంభైల్లోనే ఎవరో తీసిపెట్టుకున్నవి. 1995 సెప్టెంబర్ దాకా డొమైన్ నమోదుకి అసలు డబ్బే కట్టనక్కర్లేదు. ఆ తర్వాత రెండేళ్లకి వంద డాలర్లు పెట్టారు. అప్పటి దుకాణంలో మంచి సరుకంతా అప్పుడే అయిపోయింది. ఇవాళ పన్నెండు డాలర్లకి దొరుకుతోందంటే, ముప్పై ఏళ్లుగా ప్రపంచంలో ఎవరికీ దానితో అవసరం పడలేదనే అర్థం.

"ఇంగ్లీషు మాటలు అయిపోతే అయిపోయాయి, తెలుగు మాటలున్నాయిగా" అంటారు మనవాళ్లు. నాకు బాగా ఇష్టమైన వాదన ఇది. ఇందులోనే నేను ఎక్కువ దెబ్బతిన్నాను కూడా. తెలుగు మాటని ఇంగ్లీషు అక్షరాల్లో రాయడానికి మనకి ఒక పద్ధతంటూ లేదు. అమరావతి చివర "టీ ఐ" రాయాలా, "టీ హెచ్ ఐ" రాయాలా? నేను రెండూ కొన్నాను, అంటే ఒక్కో పేరుకి రెండు రెన్యూవల్స్. పెళ్లికి ఒక "ఎల్" పెడతామా, రెండా? చివర "ఐ"నా, "వై"నా? ఊరగాయని మా ఇంట్లో నలుగురం నాలుగు రకాలుగా టైప్ చేశాం. ఒక మంచి డొమైన్‌కి పరీక్ష ఏమిటంటే, రేడియోలో ఒక్కసారి విన్నవాడు తడుముకోకుండా టైప్ చేయగలగాలి. మన మాటల్లో చాలావాటికి ఆ పరీక్ష కష్టం. "రుచి"లాంటి పొట్టి మాటలు నెగ్గుతాయి, అవి ఎప్పుడో పోయాయి. పోనీ తెలుగు లిపిలోనే తీసుకుందామంటే డాట్ భారత్ మన లిపిలోనూ ఉంది. భాషాభిమానంతో నేనూ ఒకటి తీసుకున్నాను. కానీ ఆ అడ్రస్‌ని అందరూ టైప్ చేసే రోజు రాకుండా దాన్ని కొనేవాడు రాడు. కొన్ని చోట్ల కాపీ చేసి పేస్ట్ చేస్తే అది "ఎక్స్ ఎన్" తర్వాత రెండు గీతలు, ఆపైన అర్థంకాని అక్షరాల గుంపుగా మారిపోతుంది. మా అమ్మకి అలా పంపితే వైరస్ అనుకుని తీసేసింది.

ఇక అసలు ముట్టుకోకూడని పేర్లు. ఊళ్లో సెంటు స్థలం కొనాలన్నా ఈసీ తీయిస్తాం, లింకు డాక్యుమెంట్లు చూస్తాం. డొమైన్ కొనేముందు ట్రేడ్‌మార్క్ రికార్డు చూసేవాళ్లు మనలో ఎంతమంది? 2024లో జియో, హాట్‌స్టార్ కలుస్తున్నాయన్న వార్తలు వచ్చాక ఢిల్లీ కుర్రాడొకరి సంగతి బయటికొచ్చింది. ఆ రెండు పేర్లూ కలిపి డాట్ కామ్ ముందే తీసిపెట్టుకున్నాడు. కేంబ్రిడ్జ్‌లో చదువుకి ఖర్చు పెట్టుకుంటే పేరిచ్చేస్తానని కంపెనీని ఉద్దేశించి బహిరంగంగా రాశాడు. మన గ్రూపుల్లో "ఏం బుర్ర!" అని ఒకటే పొగడ్తలు. కంపెనీ ఒప్పుకోలేదు, కోర్టు మాట వచ్చింది, పోరాడే శక్తి తనకి లేదని ఆ అబ్బాయే రాశాడు. ఆ పేరు చివరికి దుబాయ్‌లో ఉండే ఇద్దరు పిల్లల చేతికి వెళ్లింది. వాళ్లు దాన్ని కంపెనీకి ఉచితంగానే ఇస్తామన్నారు.

అమెరికాలో 1999 చట్టం ప్రకారం, ఇంకొకరి మార్కుని దురుద్దేశంతో డొమైన్‌గా తీసుకుంటే ఒక్కో పేరుకి వెయ్యి నుంచి లక్ష డాలర్ల దాకా నష్టపరిహారం వేయొచ్చు. పరిహారం కాకుండా పేరు మాత్రమే తీసేసుకోవాలంటే కోర్టుదాకా కూడా అక్కర్లేదు. వైపో (ప్రపంచ మేధో సంపత్తి సంస్థ) దగ్గర ఫిర్యాదు చేయడానికి మార్కు యజమానికి 1,500 డాలర్ల రుసుముతో సరిపోతుంది. యజమానికే ఎక్కువ ధరకి అమ్మజూపితే ఆ మెయిలే దురుద్దేశానికి సాక్ష్యమవుతుంది. ఇండియాలో కూడా, డొమైన్ పేరుకి వ్యాపార నామానికున్న రక్షణ ఉంటుందని 2004లో సత్యం ఇన్ఫోవే కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కేసులో ఓడిన "సిఫీనెట్" వాళ్ల పేరు, గెలిచిన సత్యం వాళ్ల "సిఫీ"కి ఎంత దగ్గరగా ఉందో చూడండి. ఈ మధ్య మన పిల్లలు కొత్త సినిమా టైటిళ్లు, హీరోల పేర్లు, హైదరాబాద్ బిర్యానీ హోటళ్ల పేర్లు తీసిపెట్టుకోవడం చూస్తున్నాను. తెలివి అనుకుంటున్నారు. వద్దని గట్టిగా చెబుతున్నాను.

మోసం ఒకటి నా దాకా వచ్చింది, త్వరగా చెప్పేస్తాను. నా పేరొకటి 4,500 డాలర్లకి కొంటానని ఒక మెయిల్. రెండు రోజులు మంచిగా బేరం నడిచింది. తర్వాత, ఫలానా సైట్‌లో విలువ సర్టిఫికెట్ తీయించి పంపండి, 95 డాలర్లే అన్నాడు. నేను కార్డు తీశాను. "కొనేవాడికి కావాల్సిన కాగితానికి డబ్బు మనమెందుకు కట్టాలి?" అని మా ఆవిడ అడిగింది. కట్టనని రాశాను. మళ్లీ మెయిల్ రాలేదు.

వీసా మీద ఉన్నవాళ్లకి ఒక మాట. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు పిటిషన్ వేసిన కంపెనీకే పనిచేయాలి. ఒకటీ రెండూ పేర్లు కొని ఉంచుకోవడం వేరు, వందల పేర్లు పెట్టి రోజూ బేరాలాడటం వేరు. రెండోది వ్యాపారం లాగే కనబడుతుంది. ఈఏడీ, అంటే పని అనుమతి కార్డు, లేకుండా హెచ్-4 మీద ఉన్న వాళ్ల భార్యాభర్తలకీ ఇదే ఇబ్బంది. ఐదు వందల డాలర్ల లాభం కోసం గ్రీన్ కార్డు క్యూని పణంగా పెట్టకండి. ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగండి.

మూడు రాజధానుల ప్రకటన 2019 డిసెంబర్‌లో వచ్చింది. మరుసటి అక్టోబర్‌లో నా పేర్లన్నీ వదిలేశాను. 2025 మే నెలలో అమరావతి పనులు మళ్లీ మొదలయ్యాయని తెలియగానే బావ ఫోన్ చేసి, ఉంచుకుని ఉంటే బాగుండేదన్నాడు. ఉంచుకుని ఉంటే ఇంకో రెండు వేల డాలర్లకు పైగా కట్టి ఉండేవాణ్ని. బిల్డర్లు ఇప్పుడూ సొంత కంపెనీ పేర్లతోనే అమ్ముతున్నారు.

ఈ పని మీద నా అభిప్రాయం మారింది ఇంకొక సంఘటనతో. కొన్నేళ్ల క్రితం నాకు దగ్గరి తెలుగు సంఘం ఒకటి తన డొమైన్ పోగొట్టుకుంది. అది ఎప్పుడో ఒక పాత కోశాధికారి సొంత మెయిల్ మీద, సొంత కార్డు మీద ఉంది. ఆయన వేరే రాష్ట్రం వెళ్లారు, కార్డు గడువు తీరింది. గడువు దాటాక కూడా పేరు నిలుపుకోవడానికి కొన్ని వారాలు, ఆ తర్వాత విడిపించుకోవడానికి 30 రోజుల విమోచన గడువు ఉంటాయి, చివరి 5 రోజుల్లో మాత్రం ఇక వెనక్కి తీసుకోలేం. ఆ హెచ్చరికలన్నీ ఎవరూ తెరవని ఇన్‌బాక్స్‌లో పడ్డాయి. గడువైన పేర్ల కోసం కంప్యూటర్లు పెట్టుకుని కాచుకునేవాళ్లు క్షణంలో పట్టేసుకున్నారు. ఉగాది కరపత్రాలన్నిటి మీదా ఆ అడ్రస్సే ఉంది. పెద్దాయన ఒకరు ఫోన్ చేసి, "ఏమయ్యా, ఉగాది టికెట్ల కోసం నొక్కితే పేకాట వస్తోందేమిటి?" అన్నారు. కొత్త యజమాని అడిగింది 3,200 డాలర్లు. సంఘానికి ట్రేడ్‌మార్క్ లేదు, ఫిర్యాదుకి బలం లేదు. అనుభవం ఉందని బేరమాడే బాధ్యత నాకే అప్పగించారు. అవతలివాడి జవాబు చదివితే, గుంటూరు బిల్డర్లకి నేను పంపిన మెయిళ్లే చదువుతున్నట్టనిపించింది. "ఈ పేరు మీ సంస్థ గౌరవాన్ని పెంచుతుంది" అన్న వాక్యంతో సహా. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సంఘం చివరికి వేరే పేరు తీసుకుంది. పాత పేరు ఇప్పటికీ పేకాట ప్రకటనలతోనే ఉంది.

నిఘంటువు మాట కొని, ఓపిగ్గా ఉంచి, కొత్త కంపెనీకి అమ్మేవాళ్లంటే నాకు గౌరవమే. పెట్టుబడి వాళ్లది, రిస్కూ వాళ్లదే. ఒక గుడి కమిటీ, ఒక బడి, ఒక సంఘం మరిచిపోయిన పేరుని పట్టుకుని వాళ్లకే అమ్మడం మాత్రం చట్టం ఒప్పుకున్నా నేను వ్యాపారం అనను. మన సంఘాలు కూడా మేలుకోవాలి. కార్యవర్గం మారేటప్పుడు బ్యాంకు సంతకాలతో పాటు డొమైన్ ఖాతా కూడా చేతులు మారాలి. ఒక వ్యక్తి మెయిల్ మీద కాకుండా సంఘం మెయిల్ మీద ఉండాలి, పదేళ్లకి ఒకేసారి కట్టేయాలి. డాట్ కామ్‌కి పదేళ్ల దాకా ముందే కట్టొచ్చు.

పోయిన శనివారం ఆ అబ్బాయి లాప్‌టాప్ పట్టుకుని ఇంటికొచ్చాడు. ఒక్కో పేరూ తీసి, "ఇది ఎవరికి కావాలి? ఆ మనిషి ఎవరో, ఏ ఊళ్లో ఉంటాడో చెప్పు" అని అడుగుతూ పోయాను. రెండు పేర్లు వేరే కంపెనీల మార్కులు, అవి ముందు తీసేయించాను. నూట పదకొండింటికి వాడి దగ్గర జవాబు లేదు, ఆటో రెన్యూవల్ ఆపేశాడు. ఏడు మిగిలాయి. ఆ ఏడుగురికీ ఉగాదిలోపు తనే స్వయంగా ఫోన్ చేస్తానని కాగితం మీద నంబర్లు రాసుకుని వెళ్లాడు.