రాత్రి పది గంటలవారికి, స్కాట్లాండ్

మహారాజశ్రీ రాత్రి పది గంటలవారి సముఖానికి,

నిన్న గ్లాస్గోలో తమరి దర్శనం అయింది. సూపర్‌మార్కెట్‌లో సెల్ఫ్ చెకౌట్ దగ్గర నాలుగు టెన్నెంట్స్ బీరు క్యాన్లతో నిలబడ్డాను. స్కాన్ అయింది. వయసు చూడ్డానికి మనిషి రావాలని మిషన్ నెత్తిన లైటు వెలిగింది. షాపు అమ్మాయి పక్క మిషన్‌లో ఎవరిదో అరటిపళ్ల తూకం పంచాయితీ తీర్చి వచ్చేలోపు తమరు వేంచేశారు. తమరొస్తే ఇక్కడి షాపుల్లో మందు అమ్మకం బంద్ కదా! "సారీ, పది దాటింది" అంది. సగం జుట్టు నెరిసిన నాకు వయసు నిరూపించుకునే భాగ్యం కూడా దక్కలేదు.

తమరి సర్వీసు చిన్నదేం కాదు. 1976 చట్టం వచ్చేదాకా పబ్బులు మూయించే డ్యూటీ కూడా తమరిదే. తమరు వస్తున్నారంటే చాలు, జనం గ్లాసు మీద గ్లాసు గటగటా ఎత్తి రోడ్డున పడేవాళ్లు. టైము పెంచండని 1973లో క్లేసన్ కమిటీ చెబితే తమరిని పబ్బుల్లోంచి సాగనంపారు. షాపుల్లో మాత్రం పాతుకుపోయారు. 2009లో అమల్లోకొచ్చిన కొత్త లైసెన్సు చట్టం తమరి కుర్చీ కదపకపోగా, పొద్దున్న పదయ్యేదాకా అమ్మకూడదని తమరి తమ్ముణ్ణి కూడా కూర్చోబెట్టింది.

మందులో యూనిట్‌కి, అంటే పది మిల్లీలీటర్ల అసలు ఆల్కహాల్‌కి, 65 పెన్నీల కంటే తక్కువకు అమ్మకూడదన్నారు, సరే. ఎక్కువ కొంటే డిస్కౌంట్ లేదన్నారు, సరే. 2006 నుంచి సిగరెట్ కాల్చాలంటే వానలోకి పొమ్మన్నారు, అదీ మంచికే. తాగుడుతో ఈ దేశంలో పోయే ప్రాణాలు చూస్తే వాటిలో న్యాయం కనిపిస్తుంది.

నీలో ఏం కనిపిస్తుందయ్యా? రోడ్డుకు అవతలే పబ్బు, అర్ధరాత్రి దాకా తెరిచే ఉంటుంది. ఇంట్లో సోఫాలో లుంగీ కట్టుకుని ఒక క్యాన్ తాగితే నేరం! అక్కడ హెవీ అనే ఇక్కడి బీరు మీద విస్కీ, విస్కీ మీద హెవీ పోసుకుని, బస్టాపులో స్తంభాన్ని కావలించుకుంటే సంస్కృతి! పోనీ నాలుగు క్యాన్ల డబ్బుతో అక్కడ రెండు పైంట్లయినా వస్తాయా అంటే అదీ లేదు. అయినా వెళ్లాను. ఏం చేయను?

ఒక్క మనవి. పబ్బులకు ఆదివారం సెలవున్న రోజుల్లో, ప్రయాణికుణ్ణని పుస్తకంలో సంతకం పెడితే హోటల్లో మందు పోసేవారట. ఆ పుస్తకం మీ షాపులో పెట్టించండి. నాది కరీంనగర్. ఇంతకంటే నిఖార్సయిన ప్రయాణికుడు మీకెక్కడ దొరుకుతాడు?

ఇట్లు,
ఒట్టి చేతులతో బయటికొచ్చినవాడు