మేస్త్రీని అడగని షెడ్యూల్ నిలవదు

వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో ఏ కట్టడం ఆలస్యమైనా చెప్పే కారణాలు మూడే: బిల్లులు రాలేదు, వానలు పడ్డాయి, లేబర్ దొరకలేదు. మొదటి రెండింటి సంగతి అందరికీ తెలిసిందే. మూడోదాన్ని మాత్రం నేను కారణంగా ఒప్పుకోను. ప్రాజెక్ట్ మేనేజర్ అడగాల్సిన మనిషిని అడగలేదనడానికి అది రుజువు.

ఇక్కడ లేబర్ ఎప్పుడు పలచబడుతుందో మేస్త్రీకి ముందే తెలుసు. వానాకాలం నాట్లప్పుడు, దసరా దాటాక పత్తి ఏరేటప్పుడు, రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారం జాతరప్పుడు. అయినా సరిగ్గా ఆ వారాల్లోనే షెడ్యూల్ చార్టులో రెండు స్లాబులు కనిపిస్తాయి. ఆ చార్టు గీసిన గదిలోకి మేస్త్రీని పిలవలేదు మరి.

పిలవకపోవడం కన్నా పెద్ద నష్టం అరవడం. ఏప్రిల్ ఎండలో స్లాబ్ పోస్తున్నారు. ప్లాంటులో కలిపిన కాంక్రీటు తెచ్చే ఆర్‌ఎంసీ బండి ఆలస్యంగా వచ్చింది, మాలు బిగిసింది, పంపులో కదలడం లేదు. ఎవరో డ్రమ్ములోకి నీళ్ల పైపు పెడతారు. ఘనమీటరుకు 350 కిలోల సిమెంటు, 175 లీటర్ల నీళ్లు ఉన్న మాలులో సిమెంటుతో నీటి నిష్పత్తి 0.50. 6 ఘనమీటర్ల బండిలో ఇంకో 120 లీటర్లు కలిస్తే అది 0.56 దగ్గరికి పోతుంది. మాలు జారుతుంది, బలం పడిపోతుంది. బలం పరీక్షకు పోసే కాంక్రీటు క్యూబులు అంతకుముందే తీసి ఉంటే 28 రోజుల టెస్టులో కూడా ఈ సంగతి బయటపడదు.

పైపు పెట్టినవాడికి అది తప్పని తెలుసు. కానీ కిందటి వారం ‘మాలు గట్టిపడ్డది సార్’ అన్నవాడిని అందరి ముందు తిట్టడం కూడా చూశాడు. చెడువార్త మొదట తెచ్చిన మనిషికి మేనేజర్ ఏం జవాబిస్తాడో, సైటంతా దాన్నే రూలుగా పాటిస్తుంది. ‘మంచిగ చెప్పినవ్, స్లంప్ చూద్దాం పా’ అనాలి. స్లంప్, అంటే మాలు ఎంత జారుతుందో కొలిచే కోన్ తెప్పించాలి, చలాన్‌లో లోడింగ్ టైమ్ చూడాలి. గడువులో ఉంటే ప్లాంటువాళ్లను అడిగి, వాళ్లు చెప్పిన మోతాదులోనే మాలును వదులుచేసే మందు (అడ్మిక్స్చర్) వేయించాలి. 2 గంటలు దాటితే వెనక్కి పంపాలి. డబ్బుల గొడవ సాయంత్రం సప్లయర్‌తో పెట్టుకోవాలి, స్లాబు మీద నిలబడ్డ కూలీతో కాదు.

పొద్దున పని మొదలయ్యేముందు 10 నిమిషాలు నిలబడే మాట్లాడుకోండి. ‘పని ఐతదా?’ అంటే ‘ఐతది సార్’ అనే వస్తుంది. ‘ఇయ్యాల ఏది ఆగేటట్టున్నది?’ అని అడగండి. సెంట్రింగ్ మేస్త్రీ ముందు చెప్పాలి, ఇంజినీర్ చివర. ఇంజినీర్ ముందు నోరు విప్పితే మిగతావాళ్లు తలూపి ఊరుకుంటారు. చెప్పిన అడ్డంకి పక్కన ఎవరు చూస్తారో, ఎప్పటిలోగానో రాసి, మర్నాడు అక్కడి నుంచే మొదలుపెట్టండి. వారం బట్వాడా తప్పేటట్టుంటే 2 రోజుల ముందే చెప్పండి. మేస్త్రీ తన మాట మీద కూలీలను తెచ్చాడు; ఆ మాట పోతే వచ్చే సోమవారం ఆ జట్టు ఇంకో సైటులో ఉంటుంది.

మెత్తగా ఉంటే నెత్తికెక్కుతారని సీనియర్లు అంటారు. బెల్టు లేకుండా ఎత్తు ఎక్కితే పని ఆపాల్సిందే, అక్కడ మొహమాటం లేదు. కానీ భయంతో నడిచే సైటులో మేనేజర్ కనబడినంతసేపే రూలు నడుస్తుంది.

నా కోపం అసలు మన కాలేజీల మీద. 1959లో ఆర్‌ఈసీ (ఇప్పటి ఎన్‌ఐటీ) వచ్చినప్పటి నుంచి ఈ ఊరు ఇంజినీర్లను తయారుచేస్తోంది. షెడ్యూల్ వేసే పెర్ట్, సీపీఎం లెక్కలకు మార్కులున్నాయి. సాఫ్ట్ స్కిల్స్ అంటే ఇంటర్వ్యూలో ఇంగ్లిష్ అనుకున్నాం. పని చేసేవాళ్ల భాషలో మాట్లాడటం చదువులో భాగమే కాలేదు. మూడో ఏడాది సెలవుల్లో ప్రతి సివిల్ విద్యార్థినీ 15 రోజులు ఒక మేస్త్రీ దగ్గర పెట్టండి. తర్వాత వైవా తెలుగులో జరగాలి, బిహార్ జట్టు దగ్గర చేస్తే హిందీలో. డ్రాయింగ్ చేతికిచ్చి, ఏ రాడ్ ఎందుకు అక్కడే ఉండాలో మేస్త్రీకి వివరించమనండి. సగం మార్కులు ఆ మేస్త్రీనే వేయనివ్వండి.