తీర్పు రాకముందే జరిమానా

గంజాయి రవాణాను అణచవలసిందే. ఆ విషయంలో మాకు రెండో మాట లేదు. అయితే విశాఖ అడవివరంలోని కేంద్ర కారాగారంలో విచారణ కోసం పడిగాపులు కాస్తున్నవాళ్లలో పెట్టుబడి పెట్టినవాడు కనిపించడం అరుదు. కనిపించేది మూట మోసిన కుర్రాడు, బండి నడిపినవాడు. పాడేరు ఏజెన్సీ గిరిజనులు, సరిహద్దు అవతల ఒడిశాలోని మల్కన్‌గిరి, కొరాపుట్ వాసులు. వాళ్ల నేరం రుజువు కావడానికి ఏళ్లు పడుతుంది. ఇంటి మీద జరిమానా మాత్రం అరెస్టయిన రోజు నుంచే మొదలవుతుంది.

ముంచంగిపుట్టు వైపు లోపలి గూడెం నుంచి భార్య ములాఖత్‌కు రావాలంటే చీకటితోనే బయల్దేరాలి. జీపులో మండల కేంద్రానికి, అక్కడి నుంచి పాడేరు, ఘాట్ దిగి విశాఖ, మళ్లీ సిటీ బస్సు. ఆధార్ కార్డు మరిచిపోతే వచ్చిన దారి పట్టాల్సిందే. మాట్లాడేది కొద్ది నిమిషాలు. పోయేది రానుపోను చార్జీలు, రెండు రోజుల కూలి. దాని మీద వకీలు ఫీజు, వాయిదా వాయిదాకూ గుమస్తా చేతిలో పెట్టేది. కాఫీ పండ్లు కోసే నెలల్లో మగమనిషి లేకపోతే షావుకారు చెప్పిన ధరకు పంటను చెట్టు మీదే వదులుకోవాలి. ముందు మేకలు పోతాయి, తర్వాత మెడలోది, ఆపైన అప్పు. డ్వాక్రా వాయిదా ఎవరి కోసమూ ఆగదు. ఆమె కట్టలేకపోతే గ్రూపులో మిగతావాళ్లు సర్దాలి. అలా ఒక ఇంటి జైలు ఖర్చు నాలుగు ఇళ్లకు పాకుతుంది.

గంజాయి 20 కిలోలు దాటితే చట్టం దృష్టిలో అది వాణిజ్య పరిమాణం. శిక్ష 10 నుంచి 20 ఏళ్లు, జరిమానా లక్షకు తగ్గదు. నిందితుడు నిర్దోషి అని నమ్మడానికి ఆధారాలున్నాయని కోర్టుకు తోస్తే తప్ప మాదకద్రవ్యాల నిరోధక చట్టం (ఎన్‌డీపీఎస్) 37వ సెక్షన్ బెయిలుకు అడ్డుపడుతుంది. అభియోగపత్రానికే 180 రోజుల గడువు. సీఆర్‌పీసీ స్థానంలో 2024 జులై 1న అమల్లోకి వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్, గతంలో శిక్ష పడనివారు గరిష్ఠ శిక్షలో మూడోవంతు కాలం లోపల గడిపితే విడుదల చేయాలంటోంది. 20 ఏళ్లలో మూడోవంతు అంటే ఆరేళ్ల ఎనిమిది నెలలు! తండ్రి అరెస్టైనప్పుడు ఒకటో తరగతిలో ఉన్న పిల్ల అప్పటికి ఏడులో ఉంటుంది, చదువు ఆపకపోతే.

బెయిలొచ్చినా జామీను దొరకాలి. 1978లో మోతీరామ్ కేసులో కింది కోర్టు ఒక తాపీ మేస్త్రీని 10 వేల రూపాయల పూచీ అడిగి, అతని సోదరుడి ఆస్తి వేరే జిల్లాలో ఉందంటూ తోసిపుచ్చింది. సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ దాన్ని గట్టిగా తప్పుపట్టారు. ఒడిశా గూడెం మనిషికి విశాఖలో ఇంటి పన్ను రసీదుతో పూచీ ఉండేవాడెవడు? బ్రోకరు ఉంటాడు, రేటు కట్టి.

2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే, అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలే. బెయిలుకు డబ్బు లేక లోపలే మగ్గుతున్న పేదల గురించి ఆ ఏడాది రాజ్యాంగ దినోత్సవ సభలో రాష్ట్రపతి ముర్ము ఆవేదన చెందారు. 2023లో కేంద్రం పేద ఖైదీల సాయానికి పథకం తెచ్చింది. అప్పటి లెక్కన విచారణ ఖైదీకి 40 వేల దాకా పూచీ సొమ్ము, శిక్షపడినవారికి 25 వేల దాకా జరిమానా అందులోంచి కడతారు. ఈ నిధులను రాష్ట్రాలు వాడుకోవడం లేదని కేంద్ర హోంశాఖే లేఖలు రాసింది. వాడుకున్నా మన ఏజెన్సీకి ఒరిగేది లేదు. మనీలాండరింగ్ నిందితులకు లాగే ఎన్‌డీపీఎస్ నిందితులకూ ఇది వర్తించదని మార్గదర్శకాల్లోనే ఉంది. మనీలాండరింగ్ చేసినవాడినీ, మూట మోసినవాడినీ ఒకే గాటన కట్టడం ఏం న్యాయం?

నిర్దోషిగా తేలితే పోయిన మేకలు తిరిగిరావు. అక్రమ కేసుల్లో నలిగినవారికి పరిహారం చెల్లించే చట్టం కావాలని లా కమిషన్ 2018లో తన 277వ నివేదికలో చెప్పింది. ఆ నివేదిక ఇంకా నివేదికగానే ఉంది. బ్రెజిల్‌లో సామాజిక బీమా ఉన్న తక్కువ ఆదాయపు కార్మికుడు జైలుకెళితే అతని మీద ఆధారపడినవాళ్లకు నెలనెలా భృతి అందుతుంది. దేశవ్యాప్తంగా అది రేపే సాధ్యమని మేం అనడం లేదు.

మొదటిసారి దొరికిన రవాణా కూలీలను కేంద్ర పథకంలో చేర్చాలని రాష్ట్ర ప్రభుత్వం అడగాలి. కేంద్రం కదిలేలోగా సొంత నిధులతో మొదలుపెట్టవచ్చు. గంజాయి కట్టడికి పెడుతున్న ఖర్చు పక్కన అది పెద్ద మొత్తమేమీ కాబోదు. విచారణ ఖైదీల పిల్లలకు ఆశ్రమ పాఠశాలల్లో ముందుగా సీటిచ్చే బాధ్యత పాడేరులోని గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) తీసుకోవాలి. ఖైదీతో వీడియోలో మాట్లాడే ఈ-ములాఖత్ ఉన్నా సిగ్నల్ లేని గూడేలకు అది అందదు. గ్రామ సచివాలయంలో వారానికో పూట ఆ సదుపాయం కల్పిస్తే ఘాట్ దిగే ఖర్చయినా తప్పుతుంది.