ఆరు జతల బూట్లకు ఏడేళ్ల ద్వీపాంతరవాసం

అలెగ్జాండర్ పియర్స్ పేరు ఎక్కడ కనిపించినా పక్కనే "నరమాంస భక్షకుడు" అని ఉంటుంది. అతని కథ ఎప్పుడూ అడవిలోనే మొదలుపెడతారు. నా కోపమంతా దాని మీదే. అతన్ని ఆ అడవిదాకా తెచ్చిందెవరు?

పియర్స్ ఐర్లండ్‌లోని మొనహన్ కౌంటీకి చెందిన కూలీ. ఆరు జతల బూట్లు దొంగిలించాడని 1819లో ఆర్మాలో ఏడేళ్ల ద్వీపాంతరవాస శిక్ష వేసి, ఓడెక్కించి వాన్ డీమెన్స్ ల్యాండ్‌కి, అంటే ఇప్పటి టాస్మేనియాకి పంపేశారు. అక్కడ తాగుడు, చిల్లర దొంగతనాలు, పారిపోవడం. వాటికి కొరడా దెబ్బలు. చివరికి 1822లో మెక్వారీ హార్బర్‌లోని సారా ద్వీపానికి తోశారు. శిక్షలో ఉండి మళ్లీ తప్పు చేసినవాళ్లను పంపే చోటది. ఎడతెగని వాన, చలి, ఒంటి మీద ఆరని బట్టలు, హ్యువాన్ పైన్ దుంగలు నరికి నీళ్లలో లాగే పని. ఆ హార్బర్ ముఖద్వారం పేరే నరకద్వారం.

అదే ఏడాది సెప్టెంబరులో ఎనిమిది మంది పారిపోయారు. ఇద్దరు వెనక్కి వచ్చి చనిపోయారు. మిగతావాళ్ల చేతిలో ఒక గొడ్డలి ఉంది, తిండి లేదు. ఆ అడవిలో ఏది తినొచ్చో అక్కడి ఆదివాసులకు తెలుసు, వీళ్లకు తెలియదు. ఒకరి తర్వాత ఒకరిని చంపి తిన్నారు. చివరికి పియర్స్ ఒక్కడే మిగిలాడు.

దొరికాక జరిగిందంతా మేజిస్ట్రేట్ రాబర్ట్ నాప్‌వుడ్‌కి చెప్పేశాడు. ఆయన నమ్మలేదు. స్నేహితులు ఇంకా బతికే ఉన్నారు, వాళ్లను కాపాడటానికే కట్టుకథ చెబుతున్నాడనుకున్నాడు. మళ్లీ ఆ సారా ద్వీపానికే పంపారు! మనుషుల్ని చంపి తిన్నానని నోటితో చెప్పినవాణ్ని తీసుకెళ్లి మళ్లీ అక్కడే, అదే జనం మధ్య పెట్టారు. 1823 నవంబరులో థామస్ కాక్స్ అనే కుర్రాడితో కలిసి మళ్లీ పారిపోయి, అతన్నీ చంపాడు. ఈ హత్యను నేను సమర్థించను. ఈసారి అతని దగ్గర వేరే తిండి ఉంది. కాక్స్ ప్రాణం పోయింది, దానికి సాకు లేదు. కానీ ఆ పాపంలో అతన్ని వెనక్కి పంపిన అధికారులకు వాటా లేదంటే మాత్రం ఒప్పుకోను.

1824 జులైలో హోబర్ట్‌లో ఉరి తీశారు. అంతటితో వదిలేశారా అంటే అదీ లేదు. శవాన్ని కోసి, పుర్రెను అమెరికాలో శామ్యూల్ మోర్టన్‌కి చేర్చారు. పుర్రెలు కొలిచి జాతులకు ఎక్కువ తక్కువలు కట్టిన మనిషాయన. ఆయన సేకరణ పెన్సిల్వేనియా యూనివర్సిటీ మ్యూజియం చేతికి వచ్చింది. ఆ సేకరణ విషయంలో 2021లో మ్యూజియం క్షమాపణ కూడా చెప్పింది. ఆ క్షమాపణ పియర్స్‌కీ వర్తించాలి. హంతకుడు కదా అని అతన్ని పక్కన పెట్టకుండా, మొనహన్‌లోనో హోబర్ట్‌లోనో ఆ పుర్రెను మట్టిలో పెట్టాలి.