అప్పీలు తేలకముందే ఇల్లు వేలమా?

అప్పీలు వేస్తే వేలం దానంతటదే ఆగిపోతుందని నమ్మేవాళ్లు చెన్నై తెలుగు కుటుంబాల్లో ఇప్పటికీ ఉన్నారు. పెరంబూరులోనో షావుకారుపేటలోనో తాతల నాటి ఇంటి దస్తావేజులు పెట్టి అప్పు తెస్తారు. (దస్తావేజులు చేతికిచ్చే ఈ తనఖాకు 1882 చట్టం పేరుపెట్టి గుర్తించిన మూడు ఊళ్లలో మద్రాసు ఒకటి.) కింది కోర్టులో ఓడిపోయి, అప్పీలుకు నంబరు పడగానే ఊపిరి పీల్చుకుంటారు. కానీ సివిల్ ప్రొసీజర్ కోడ్ 41వ ఆర్డరు 5వ రూలు ప్రకారం అప్పీలు ఉన్నంత మాత్రాన డిక్రీ (కోర్టు తీర్పు మీద ఇచ్చే ఆదేశం) అమలు ఆగదు. స్టే విడిగా అడిగి తెచ్చుకోవాలి. ఈలోగా కోర్టు అమీను గోడకు వేలం ప్రకటన అంటించి పోతాడు. మర్నాటి నుంచి ఎవరెవరో వచ్చి గేటు ముందు నిలబడి, ఇంట్లో మనుషులున్నారన్న మొహమాటం కూడా లేకుండా వెడల్పెంత, పొడవెంత అని లెక్కలు వేసుకుంటుంటారు.

ఈ పద్ధతి మారాలి. గడువులోగా అప్పీలు వేసి, బాకీలో సబబైన భాగం కోర్టులో కట్టినవాడి ఇంటిని అప్పీలు తేలేదాకా అమ్మకూడదు. కాదనే జడ్జి కారణం రాయాలి.

ఇదేమీ కొత్త కోరిక కాదు. డిక్రీ అమలులో స్థిరాస్తి అమ్మకానికి ఆర్డరై, అప్పీలు నడుస్తుంటే, బాకీదారు అడిగినప్పుడు ఆ ఆర్డరిచ్చిన కోర్టే సెక్యూరిటీ వగైరా షరతులతో అమ్మకం ఆపాలని పక్కనున్న 6వ రూలే చెబుతోంది. తనఖా దావాలో అమ్మమని డిక్రీలోనే ఉంటుంది, విడిగా ఆర్డరు ఉండదు కాబట్టి ఇది వర్తించదని వాదించే వకీళ్లుంటారు. ఒక చిన్న సవరణతో ఆ సందు మూసేయొచ్చు.

ఎందుకింత పట్టుదలంటే, అమ్మేశాక గెలిచి లాభం లేదు. డిక్రీ రద్దయితే పోయినది తిరిగి ఇప్పించడానికి అదే సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 144వ సెక్షను ఉంది, నిజమే. కానీ వేలంలో కొన్నది దావాతో సంబంధం లేని మూడో మనిషైతే, డిక్రీ పోయినా అమ్మకం నిలుస్తుందని సుప్రీంకోర్టు జనక్ రాజ్ కేసులో 1960లలోనే చెప్పేసింది. అప్పీలు సంగతి తెలిసీ కొన్నవాడికి ఆ రక్షణ లేదని 1990లో చిన్నమ్మాళ్ కేసులో అంది. మంచిదే. అతనికి తెలుసని తేల్చడానికి మళ్లీ కోర్టుల చుట్టూ తిరగాల్సింది మాత్రం ఇల్లు పోయినవాడే. చివరికి చేతికొచ్చే వేలం సొమ్ముతో అదే వీధిలో ఒక పోర్షనైనా వస్తుందా?

అప్పిచ్చినవాడి గోడు లేదనను. అప్పీళ్లను ఏళ్ల తరబడి సాగదీసి, దర్జాగా అదే ఇంట్లో కాపురముండే ఘనులున్నారు. డిపాజిట్ షరతు వాళ్ల కోసమే. వడ్డీ నడుస్తూనే ఉంటుంది, ఆస్తి ఎక్కడికీ పారిపోదు.

బ్యాంకు అప్పయితే పరిస్థితి మరీ అన్యాయం. కోర్టుకెక్కకుండానే తనఖా ఆస్తిని బ్యాంకు అమ్ముకోనిచ్చే సర్ఫేసీ చట్టం కింద డీఆర్‌టీ (అప్పుల వసూలు ట్రిబ్యునల్) ఆర్డరు మీద అప్పీలుకు వెళ్లాలంటే బాకీలో సగం కట్టాలి, అప్పీలు ట్రిబ్యునల్ దయతలిస్తే పావు వంతు. కోర్టు డిక్రీలో అమ్మకం ఖాయమయ్యేదాకా సొమ్ము కట్టి ఇల్లు విడిపించుకోవచ్చు. ఇక్కడ వేలం నోటీసు వెలువడగానే ఆ హక్కు పోతుందని 2023లో సెలిర్ కేసులో తేలింది.

నాకు అసలు కడుపు మండేది కంపెనీల సంగతి చూస్తేనే. దివాలా పిటిషన్ అడ్మిట్ అయితే చాలు, 2016 దివాలా కోడ్ 14వ సెక్షను కింద సర్ఫేసీ వేలంతో సహా అన్నీ ఆగిపోతాయి. సగం కట్టు, పావు కట్టు అనేవాడు లేడు. అదే కోడ్‌లో వ్యక్తుల దివాలాకూ ఒక భాగం ఉంది. దాన్ని 2019 డిసెంబరులో కంపెనీ అప్పులకు హామీ ఉన్నవాళ్ల వరకే అమల్లోకి తెచ్చారు. మామూలు చెన్నైవాసికి ఇంకా 1909 నాటి ప్రెసిడెన్సీ పట్టణాల దివాలా చట్టమే గతి. తనఖా పట్టినవాడి జోలికి పోకూడదని ఆ చట్టమే రాసిపెట్టుకుంది. మిగిలిన భాగం అమలుకు కొత్త చట్టం కూడా అక్కర్లేదు, ఢిల్లీ నుంచి ఒక గెజిట్ నోటిఫికేషన్ వస్తే సరిపోతుంది.