పెటావాట్లు సరే, గ్రేటింగ్ తట్టుకోవద్దా?

ఎక్కడైనా పెద్ద లేజర్ కట్టారంటే పేపర్లో వచ్చేది ఒకటే లెక్క, ఇన్ని పెటావాట్లు అని (ఒక పెటావాట్ అంటే ఒకటి పక్కన పదిహేను సున్నాల వాట్లు). రొమేనియాలో యూరప్ లేజర్ ప్రాజెక్ట్ ఈఎల్ఐ వాళ్ళు 2019లో 10 పెటావాట్లు చూపించినప్పుడూ అంతే, మన ఇండోర్‌లో లేజర్ల మీద పనిచేసే రాజా రామన్న సెంటర్ గురించి రాసినా అంతే. ఆ లెక్క ఎక్కడ ఆగాలో చెప్పేది మాత్రం చివర్లో కూర్చున్న గీతల పలక, సన్నటి గీతలతో వెలుగుని రంగులుగా విడదీసే డిఫ్రాక్షన్ గ్రేటింగ్. దాని గురించి ఒక్క ముక్క రాయరు.

సంగతేందంటే, 1985లో డోనా స్ట్రిక్‌లాండ్, జెరార్ మూరూ ఒక ఉపాయం పట్టుకొచ్చారు, 2018లో నోబెల్ వచ్చింది దానికే. పల్స్‌ని, అంటే లేజర్ కొట్టే ఒక్క వెలుగు తునకని, ముందు బాగా సాగదీసి, అప్పుడు బలం పెంచి, ఆఖర్లో మళ్ళీ కుదిస్తారు. సాగి ఉన్నంతసేపు లోపలి అద్దాలకి పెద్ద ప్రమాదం ఉండదు, కానీ కుదించే పని గ్రేటింగ్‌లదే కాబట్టి ఆఖరి గ్రేటింగ్ దగ్గరికొచ్చేసరికి పల్స్ పూర్తిగా పొట్టిదైపోయి ఉంటుంది, దెబ్బ మొత్తం దాని మీదే పడుతుంది.

1996లో అమెరికాలోని లివర్‌మోర్ ల్యాబ్‌లో మొదటి పెటావాట్ లేజర్ నడిచింది బంగారు పూత గ్రేటింగ్‌లతోనే. బంగారం చాలా రంగుల్ని ఒకేసారి తిప్పి పంపిస్తుంది, 20, 30 ఫెమ్టోసెకన్ల పల్స్‌కి అది కావాలి, అంత పొట్టి పల్స్‌లో చాలా రంగులు కలిసి ఉంటాయి కాబట్టి (సెకన్ని పదిహేను సున్నాల అంకెతో భాగిస్తే ఒక ఫెమ్టోసెకన్). చిక్కేందంటే ఎంతోకొంత వెలుగుని మింగుతుంది, మింగింది వేడై పూత కరుగుతుంది. చదరపు సెంటీమీటరుకి అర జౌల్ చుట్టుపక్కల అది తట్టుకునే హద్దు. జాగ్రత్త కోసం 0.1 జౌల్ దగ్గర నడుపుతున్నాం అనుకోండి, 250 జౌళ్ళ పల్స్‌కి 2,500 చదరపు సెంటీమీటర్ల జాగా కావాలి, అంటే బీమే 50 సెంటీమీటర్ల చదరం, పైగా వెలుగు ఏటవాలుగా పడుతుంది కాబట్టి పలక ఇంకా పొడుగుండాలి. ఆ సైజులో నానోమీటర్ల తేడా లేకుండా గీతలు గీయగలిగేవాళ్ళు ప్రపంచం మొత్తం మీద వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే.

బంగారం వద్దనుకుంటే లోహం కాని హాఫ్నియా, సిలికా అనే ఆక్సైడ్‌ల పొరలు ఒకదాని మీద ఒకటి వేసి పై పొరలో గాడులు చెక్కే డైఎలెక్ట్రిక్ గ్రేటింగ్ ఉంది. 10 పికోసెకన్ల పల్స్‌కైతే (పికోసెకన్ అంటే వెయ్యి ఫెమ్టోసెకన్లు) చదరపు సెంటీమీటరుకి రెండు నుంచి నాలుగు జౌళ్ళ దాకా ఓర్చుకుంటుంది, కాకపోతే తిప్పి పంపే రంగుల పట్టీ సన్నం, అందుకే మరీ పొట్టి పల్స్‌లకి ఇప్పటికీ బంగారమే దిక్కు. ఇక్కడ దెబ్బ తగిలే తీరు కూడా వేరు. పల్స్ పొట్టిదైతే వేడి పాకే టైమే ఉండదు, విద్యుత్ క్షేత్రమే ఎలక్ట్రాన్లని పెరికేస్తుంది, ఆ క్షేత్రం గీతల గోడల్లో ఒక పక్కన పోగుపడుతుంది, పాడవడం అక్కడే మొదలు. గోడ ఎంత ఎత్తు, ఎంత సన్నం, వెలుగు ఏ కోణంలో పడాలి అని డిజైన్ చేసేవాళ్ళు కొట్టుకునేది ఈ పోగు తగ్గించడానికే.

ఇదంతా కాగితం మీద డిజైన్. నా ఉద్దేశంలో అసలు కథ కడగడం దగ్గరుంది. చీమకుర్తి గ్రానైట్ పాలిష్ యూనిట్లలో స్లాబ్ అద్దంలా మెరుస్తుంటుంది, తెలిసిన కొనుగోలుదారుడు మాత్రం ఆ మెరుపు చూసి డబ్బులివ్వడు, బకెట్ నీళ్ళు పోయించి ఆరేదాకా నిలబడతాడు. రాయంతా ఆరినా ఒక సన్నటి గీత మాత్రం తడిగానే ఉండిపోయిందంటే లోపల క్రాక్ ఉన్నట్టే, పైన రెసిన్ పట్టించి ఎంత మెరిపించినా సరే. గ్రేటింగ్‌లో అట్టా దాక్కునేది మురికి. గీతలు వెయ్యడానికి వాడిన ఫోటోరెసిస్ట్ (వెలుగు తగిలితే మారే పూత), అయాన్ బీమ్‌తో చెక్కేటప్పుడు పేరుకున్న పాలిమర్, ఇవి గాడుల్లో ఇంత మిగిలినా హద్దు పడిపోతుంది. సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి ఆ ఘాటు ద్రావణంలో కడిగితే అదే గ్రేటింగ్ ఎక్కువ తట్టుకుంటుంది, అట్టాగని ఎక్కువసేపు ఉంచితే పొరలే లేచిపోయే ప్రమాదం. వాక్యూమ్ ఛాంబర్‌లో పెట్టాక కూడా నిశ్చింత లేదు, లోపలి నూనె ఆవిర్లు లేజర్ కింద కార్బన్‌గా మారి పలక మీద నల్లగా కూర్చుంటాయి.

కాబట్టి "మా గ్రేటింగ్ ఇన్ని జౌళ్ళు తట్టుకుంటుంది" అని ఒక్క అంకె చెప్తే నేను నమ్మను. ఏ పల్స్‌కి, ఒక్క షాట్‌కా వెయ్యి షాట్లకా, గాలిలోనా వాక్యూమ్‌లోనా, ఇవి చెప్పకుండా ఆ అంకెకి అర్థం లేదు. ఒక్క షాట్‌కి బాగానే ఉన్నది పది వేల షాట్లకి మచ్చ పడొచ్చు, ఒకసారి మచ్చ పడితే చాలా సార్లు తర్వాతి షాట్లకి అది పెరుగుతూనే పోతుంది. టెస్ట్ ఎట్టా చెయ్యాలో ఐఎస్ఓ 21254 అని పద్ధతే ఉంది: నమూనా మీద చాలా చోట్ల షాట్లు కొట్టి, శక్తి పెంచుకుంటూ పోయి, ఎన్ని చోట్ల పాడైందో మైక్రోస్కోప్‌లో చూసి గ్రాఫ్ గీయడం.

మావైపు ఒంగోలు నుంచి నెల్లూరు దాకా హైవే పొడుగునా ఇంజనీరింగ్ కాలేజీలే, ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ అంటే ఎక్కువమంది కొనుక్కొచ్చిన కోడ్‌తో కానిచ్చేస్తారు (ఇది అందరికీ తెలిసిన రహస్యమే). మీటరు పొడుగు గ్రేటింగ్ ఇక్కడ తయారు చేద్దామని నేననను, అది జరిగే పని కాదు. ఒక నానోసెకన్ (వెయ్యి పికోసెకన్లు) పల్స్‌లిచ్చే యాగ్ రకం లేజర్, లెన్స్, ఎనర్జీ మీటర్, మంచి మైక్రోస్కోప్ ఉంటే మామూలు పూతల డ్యామేజ్ టెస్ట్ నేర్పొచ్చు. నానోసెకన్‌లో వచ్చిన రిజల్ట్ ఫెమ్టోసెకన్‌కి పనికిరాదు, అది నిజమే. పద్ధతి మాత్రం చేతికొస్తుంది, ఆ పిల్లలు రేపు ఇండోర్‌కో ముంబైలో టాటా వాళ్ళ పరిశోధన సంస్థ టీఐఎఫ్ఆర్‌కో పోతే రెండో రోజే బెంచ్ దగ్గర పనికొస్తారు. ఇక బయటి దేశాల నుంచి కోట్లు పోసి గ్రేటింగ్‌లు తెచ్చుకునే ల్యాబులకి నేను చెప్పేది ఒకటే. అదే బ్యాచ్‌లో చేసిన చిన్న నమూనా ముక్కలు కూడా ఆర్డర్‌లోనే అడగండి, మన పల్స్‌తో మన ఛాంబర్‌లో వాటిని కాల్చి చూశాకే చివరి వాయిదా డబ్బు కట్టండి.