సైకిల్ మీద ఆఫీసుకి వెళ్ళడం మన దగ్గర కుదరదా?

సైకిల్ మీద ఆఫీసుకి వెళ్దామనుకుంటున్నా అని ఎవరైనా గ్రూపులో అన్నారంటే చాలు, ఎవరో ఒకరు ఆ మెసేజ్ తెచ్చి పడేస్తారు. అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో, ఆఫీసు గ్రూపుల్లో, పదో తరగతి బ్యాచ్ గ్రూపుల్లో అది తిరుగుతూనే ఉంటుంది. మాటలు కాస్త అటూ ఇటూ మారినా సారాంశం ఇదీ: సైకిల్ మీద ఉద్యోగానికి వెళ్ళడం యూరప్ వాళ్ళకే చెల్లింది, వాళ్ళకి అది మొదటి నుంచీ అలవాటు. మన ఎండకి చెమట కంపుతో ఆఫీసులో అడుగు పెట్టలేం. మన పొగలో తొక్కితే ఆరోగ్యానికి లాభం కన్నా నష్టమే ఎక్కువ. దూరాలు ఎక్కువ, మంచి సైకిల్ కొనాలంటే ముప్పై వేలు. మోకాళ్ళు అరిగిపోతాయి, మగవాళ్ళకి ఇంకో సమస్య కూడా. అన్నిటికీ మించి, మన రోడ్ల మీద సైకిల్ ఎక్కితే ప్రాణం మీద ఆశ వదులుకోవాల్సిందే. కింద దండం పెట్టే ఎమోజీ.

ఇందులో ఒకే ఒక్క పాయింటు గట్టిది. అది చివరిది. మిగతావన్నీ దాని చాటున నిలబడి బలంగా కనిపిస్తున్నాయి. వరసగా చూద్దాం. నేనుండేది హైదరాబాద్ కాబట్టి ఉదాహరణలు ఎక్కువగా ఇక్కడివే.

"వాళ్ళకి మొదటి నుంచీ అలవాటు."

నెదర్లాండ్స్‌లో కూడా రెండో ప్రపంచ యుద్ధం తర్వాత చేతిలో డబ్బు ఆడగానే జనం కార్లు కొన్నారు. సైకిళ్ళు మూలన పడ్డాయి. కార్ల కోసం ఊళ్ళలో పాత ఇళ్ళు కూలగొట్టి రోడ్లు వెడల్పు చేశారు. 1971 ఒక్క ఏడాదిలో ఆ చిన్న దేశంలో దాదాపు 3,300 మంది రోడ్డు ప్రమాదాల్లో పోయారు. వాళ్ళలో నాలుగు వందలకు పైగా పిల్లలే. ఆ కడుపుకోతతో తల్లిదండ్రులు 'పిల్లల హత్యలు ఆపండి' అంటూ రోడ్డెక్కారు. ఇంతలో 1973లో చమురు సంక్షోభం వచ్చి, ఆదివారాలు కార్లు బయటికి తీయకూడదని ప్రభుత్వమే ఆంక్ష పెట్టింది. సైకిళ్ళకి విడిగా దారులు వేసే పని ఊపందుకున్నది ఆ తర్వాతే. అంటే అది తాతల నాటి అలవాటు కాదు, కొట్లాడి తెచ్చుకున్న రోడ్డు.

మన సంగతికి వస్తే, 2011 జనాభా లెక్కల్లో పనికి ఎలా వెళ్తారని వ్యవసాయేతర కార్మికుల్ని అడిగారు. సైకిల్ అన్నవాళ్ళు సుమారు 2.6 కోట్ల మంది. స్కూటర్, మోటార్ సైకిల్ అన్నవాళ్ళు వాళ్ళకన్నా కాస్త తక్కువే. ఆ లెక్క పాతదే, ఆ తర్వాత బైకులు బాగా పెరిగాయి, కాదనను. అయినా పొద్దున్నే మాదాపూర్‌లో కాసేపు నిలబడి చూడండి. నైట్ షిఫ్టు దిగి ఇంటికి పోయే సెక్యూరిటీ గార్డులు, హ్యాండిల్‌కి టిఫిన్ క్యారియర్ తగిలించుకుని సైటుకి పోయే మేస్త్రీలు, పేపర్ వేసే పిల్లలు. వీళ్ళెవరూ యూరప్ నుంచి రాలేదు. కుదరదు అంటున్న వాళ్ళు వీళ్ళని లెక్కలోకే తీసుకోలేదు.

"ఎండ, చెమట."

ఇది సగం నిజం. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం అయిదింటికి కూడా రోడ్డు సెగలు కక్కుతుంది. అప్పుడు తొక్కమని నేనూ చెప్పను. ఏడు దాటాక బయల్దేరండి, లేదా ఆ రెండు నెలలూ మానేయండి. ఏడాది పొడుగునా తొక్కితేనే తొక్కినట్టు అనే రూల్ ఏమీ లేదు. మిగతా నెలల్లో పొద్దున ఎనిమిదిలోపు హైదరాబాద్‌లో పెద్ద ఇబ్బంది ఉండదు. బెజవాడ, విశాఖల ఉక్కపోత వేరే లెక్క. అక్కడ చెమట ఆరనే ఆరదు, ఆఫీసులో ఇంకో చొక్కా ఉండి తీరాలి.

ఇక కంపు సంగతి. అప్పుడే పట్టిన చెమటకి వాసన దాదాపు ఉండదు. ఒంటి మీది బ్యాక్టీరియా దాని మీద పనిచేసే కొద్దీ వాసన వస్తుంది. అందుకే స్నానం చేసిన వెంటనే బయల్దేరి, చేరాక చొక్కా మారిస్తే పక్క సీటు వాళ్ళకి మీరు సైకిల్ మీద వచ్చారన్న సంగతే తెలియదు. కాకపోతే దీనికో పద్ధతి ఉంది. సైకిల్ కదులుతున్నంత సేపు గాలికి చెమట ఆరిపోతుంది. ఆగిన తర్వాతే ధారగా కారుతుంది. చాలామంది లోపలికి వెళ్ళీ వెళ్ళగానే వాష్‌రూంలో చొక్కా మార్చేస్తారు, పది నిమిషాల్లో ఆ కొత్త చొక్కా కూడా తడిసిపోతుంది. ఆఖరి కిలోమీటరు నెమ్మదిగా తొక్కండి. చేరాక కాసేపు ఫ్యాను కిందో ఏసీలోనో కూర్చోండి. ఒళ్ళు చల్లబడ్డాక తడి తువ్వాలుతో మెడ, చంకలు, వీపు తుడుచుకుని అప్పుడు చొక్కా మార్చండి. బ్యాగు వీపుకి తగిలించుకోవద్దు. సగం చెమట అక్కడిదే. వెనక క్యారియర్ పెట్టించుకుని బ్యాగు దానికి కట్టేయండి. ప్యాంటు కుడికాలి అంచుకి ఓ రబ్బరు బ్యాండు వేస్తే చైన్ గ్రీజు అంటదు. ఇంత చిన్న ఏర్పాటుకి 'మన వాతావరణానికి పనికిరాదు' అని పెద్ద మాట అనేశారు.

"పొగలో తొక్కితే నష్టమే ఎక్కువ."

చదువుకున్నవాళ్ళని కూడా ఆపేది ఈ పాయింటే. ఎందుకంటే ఇందులో సైన్సు ఉన్నట్టు అనిపిస్తుంది. సైకిల్ తొక్కేవాళ్ళు కారులో కూర్చున్నవాళ్ళ కన్నా గట్టిగా, ఎక్కువ గాలి పీలుస్తారు. దాంతో పాటు పొగా ఎక్కువే పీలుస్తారు. ఇంతవరకూ నిజం. తప్పంతా దీని తర్వాత వచ్చే 'కాబట్టి'లో ఉంది. వ్యాయామం వల్ల వచ్చే లాభం ఎంత, పీల్చిన ధూళి వల్ల నష్టం ఎంత అని రెండిటినీ ఒకే లెక్కలో వేసి చూడాలి కదా. 2016లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం వాళ్ళ ఆధ్వర్యంలో పరిశోధకులు ఆ పని చేశారు. రోజూ అరగంట సైకిల్ తొక్కేవాళ్ళకి, ఇంకాస్త తొక్కినా అదనపు లాభం ఉండదు అనే స్థితి రావాలంటే గాలిలో సన్నటి ధూళి, అంటే పీఎం 2.5, ఘనపు మీటరుకి 95 మైక్రోగ్రాములు ఉండాలని తేలింది. ఇది ఏదో ఒక్కరోజు లెక్క కాదు, ఏడాది సగటు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలోని నగరాల్లో ఆ మోతాదు దాటినవి ఒక్క శాతం కూడా లేవు. హైదరాబాద్ సగటు దాని దరిదాపుల్లో కూడా లేదు. ఢిల్లీని కూడా వాళ్ళు లెక్క వేశారు. అక్కడి గాలిలో కూడా వారానికి అయిదు గంటలు మించి తొక్కితే గానీ నష్టం లాభాన్ని దాటదట.

ఇది మోడల్ మీద వేసిన లెక్క. దీపావళి మర్నాడో, ఢిల్లీలో నవంబరు పొగమంచులోనో తొక్కమని దీనర్థం కాదు. ఆస్తమా ఉన్నవాళ్ళు డాక్టర్ని అడగాలి. కానీ మెసేజ్ అలాంటివాళ్ళ గురించి కాదు, అందరికీ నష్టమే అంటోంది. అది తప్పు. పైగా మెయిన్ రోడ్డు వదిలి ఒక వీధి లోపలికి జరిగితే పీల్చే పొగ బాగా తగ్గుతుంది. బస్సు సైలెన్సర్ వెనకే సిగ్నల్ దగ్గర నిలబడాలని ఎవరూ శాసించలేదు.

లాభం పక్క కూడా ఒక అంకె చెప్పుకోవాలి. బ్రిటన్‌లో 2.6 లక్షల మందికి పైగా వివరాలతో చేసిన అధ్యయనం 2017లో వచ్చింది. సైకిల్ మీద పనికి వెళ్ళేవాళ్ళలో మరణం ముప్పు, కారు, బస్సుల్లో వెళ్ళేవాళ్ళతో పోలిస్తే 41 శాతం తక్కువ కనిపించింది. సైకిల్ తొక్కేవాళ్ళు ముందే ఆరోగ్యవంతులై ఉండొచ్చు కదా అని మీరడగొచ్చు. ఆ అనుమానం సబబే. పొగతాగే అలవాటు, తిండి, బరువు వంటివి లెక్కలోంచి సర్దుబాటు చేశాక మిగిలిన తేడా అది. అయినా ఇది పరిశీలన మాత్రమే, ఖాయంగా సైకిల్ వల్లేనని రుజువు కాదు. ఆ మెసేజ్ రాసినవాళ్ళు మాత్రం ఇలాంటి ఆధారం ఒక్కటీ చూపలేదు.

"దూరం, ఖర్చు."

ఎల్బీనగర్ నుంచి గచ్చిబౌలికి రోజూ సైకిల్ మీద రమ్మని ఎవరన్నారు? కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీకి ఏడెనిమిది కిలోమీటర్లు, తాపీగా తొక్కినా నలభై నిమిషాల్లోపే. అదే దూరం కారులో ఎంతసేపు పడుతుందో ఆ దారిన పోయేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఎగుడుదిగుళ్ళు మాత్రం నిజం, మనది రాళ్ళ ఊరు. గేర్ల సైకిల్ అయితే నయం. ఇంకా దూరమైతే మెట్రో స్టేషన్ దాకా సైకిల్, అక్కణ్ణుంచి రైలు.

డబ్బు విషయంలో మెసేజ్ ఒక వైపు అతి చేస్తే, సైకిల్ అభిమానులు ఇంకో వైపు అతి చేస్తారు. మామూలు సైకిల్ ఏడెనిమిది వేలకి వస్తుంది, ముప్పై వేలు అక్కర్లేదు. కానీ రోజుకి పదహారు కిలోమీటర్లు, నెలకి ఇరవై నాలుగు రోజులు, పెట్రోలు లీటరు 107 రూపాయలు అనుకుంటే, లీటరుకి 45 ఇచ్చే బైకు వదిలినందుకు మిగిలేది నెలకి తొమ్మిది వందల చిల్లర. కారు లీటరుకి 12 ఇస్తే మూడు వేల నాలుగు వందలు. లక్షాధికారులు కావడం కోసమైతే వేరే దారి చూసుకోండి.

"మోకాళ్ళు, మగవాళ్ళు."

మోకాళ్ళ మీద నడక కన్నా సైకిలే తక్కువ భారం వేస్తుంది. నొప్పి వచ్చిందంటే చాలాసార్లు సీటు మరీ కిందికి ఉండటమే కారణం. పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండేలా సీటు ఎత్తండి. షాపువాళ్ళు 'కాళ్ళు రెండూ నేలకి ఆనాలి సార్' అని కిందికి దించి ఇస్తారు, వినొద్దు. రెండో సమస్య గురించి: గంటల తరబడి గట్టి సీటు మీద ముందుకి వంగి కూర్చుంటే తిమ్మిరి పట్టడం ఉంది. 2018లో వచ్చిన ఓ పెద్ద అధ్యయనంలో సైకిల్ తొక్కేవాళ్ళని ఈతగాళ్ళతో, పరుగెత్తేవాళ్ళతో పోల్చారు. లైంగిక సామర్థ్యంలో సైకిల్ వాళ్ళు ఏమీ వెనకబడి లేరు. అరగంట ప్రయాణానికి అంత టెన్షన్ అనవసరం.

"ప్రాణం మీద ఆశ వదులుకోవాల్సిందే."

గట్టి పాయింటు అన్నది ఇదే. మన రోడ్లు ప్రమాదకరం, ఇందులో వాదన లేదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అయితే వాళ్ళలో 44.5 శాతం మోటారు ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్ళు, దాదాపు అయిదో వంతు కాలినడకన పోతున్నవాళ్ళు. 'సైకిలెందుకు, హాయిగా స్కూటీ కొనుక్కో' అనే సలహాకి ఈ అంకెల్లో బలం దొరకదు. అలాగని సైకిల్ భద్రమని కూడా వీటితో తేల్చలేం. ఎవరు ఎన్ని కిలోమీటర్లు తిరిగారన్నది ఇందులో లేదు.

కాబట్టి భయం అర్థవంతమైనదే. ఆ భయంతో చేయాల్సింది దారి మార్చుకోవడం. బైకు మీద వెళ్ళే దారే సైకిల్‌కీ పనికొస్తుందనుకోవడం కొత్తవాళ్ళు చేసే మొదటి పొరపాటు. ఫ్లైఓవర్ ఎక్కొద్దు, దాని కింది నుంచో కాలనీల లోపలి నుంచో రండి. ఒక కిలోమీటరు ఎక్కువైనా పరవాలేదు. ఏదైనా ఆదివారం పొద్దున్నే ఒకసారి తొక్కి చూడండి. ఎక్కడ గుంటలున్నాయి, ఎక్కడ కుక్కలు వెంటపడతాయి, ఎక్కడ చచ్చేంత ఎత్తుంది అన్నీ తెలిసిపోతాయి.

రోడ్డు మీద ఎడమ అంచుకి మరీ అతుక్కుపోతే క్షేమమనిపిస్తుంది, నిజానికి అక్కడే గండం. మురుగునీటి జాలీల కమ్మీలు రోడ్డు వెంబడే ఉంటే ముందు చక్రం సగం లోపలికి దిగిపోతుంది. వాటిని తప్పించబోయి ఠక్కున కుడికి కోస్తే వెనకొచ్చేవాడు గుద్దేస్తాడు. అంచు నుంచి ఒక మీటరు లోపలికి, తిన్నగా, వెనకవాళ్ళకి కనబడేలా పోవాలి. ఆగి ఉన్న కారు పక్క నుంచి పోయేటప్పుడు డోరు తెరుచుకునేంత ఎడం వదలాలి. బస్సుకి, స్టాపుకి మధ్య సందులో ఎప్పుడూ దూరకూడదు. టిప్పర్ ఎడమకి తిరగబోతుంటే దాని ఎడమ పక్కన ఉండకూడదు, డ్రైవర్‌కి మీరు కనిపించరు. సాయంత్రానికి వెనక ఎర్ర లైటు, తలకి హెల్మెట్. వీటిలో ఏదీ ప్రభుత్వం చేయాల్సిన పనికి బదులు కాదు. 2023లో ఔటర్ రింగ్ రోడ్డు వెంట సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ప్రారంభించారు. బాగుంది, కానీ దాని దాకా చేరాలంటే చాలామందికి కారే కావాలి. ఆ డబ్బులో కొంత కాలనీల నుంచి ఆఫీసుల దాకా, మెట్రో స్టేషన్ల దాకా పెట్టి ఉంటే ఈ పాయింటు కూడా ఇంత గట్టిగా ఉండేది కాదు.

ఈ మధ్య మెసేజ్ చివర కొత్తగా ఒకటి తగిలించారు: 'ఆఫీసులో సైకిల్ పెట్టుకోవడానికి చోటెక్కడుంది?' బేస్‌మెంట్ ర్యాంపు మీద గార్డు ఆపి, సైకిల్‌కి స్లిప్ లేదు సార్ అంటే చిరాకే. కానీ అదే భవనం వెనక్కి, జనరేటర్ ఉన్న వైపుకి వెళ్ళి చూడండి. హౌస్‌కీపింగ్ వాళ్ళవి, ఆ గార్డువి కూడా, నాలుగైదు సైకిళ్ళు గొలుసులు వేసి ఉంటాయి. మీది వాటి పక్కన పెట్టి, అడ్మిన్ వాళ్ళని వాన పడకుండా ఓ రేకు, తాళం వేసుకోవడానికి ఓ ఇనప కమ్మీ అడగండి. ఆ గార్డులు, హౌస్‌కీపింగ్ వాళ్ళు ఇంతకాలం అడిగినా ఇవ్వనిది, బహుశా మీరడిగితే ఇస్తారు.